వియ్యపురాళ్ళూ, బేరియం పరీక్షా

కుట్టుషాపు నుంచి,
సోమవారం పొద్దున

వదిన గారికి నమస్కారం.

పిల్లలిద్దరూ బాగున్నారు. మీ అన్నయ్య గారు బాగున్నారు. నేనూ బాగున్నానని రాయబోయి కలం ఆపాను, ఎందుకంటే ఈ ఉత్తరం రాస్తున్నదే అందుకు.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని మీరనుకోవచ్చు. మా ఫోన్ ఉండేది కత్తిరింపు బల్ల పక్కన. నేను ఫోన్ ఎత్తితే చాలు, కాజాలు కుట్టే ఆమె సూది ఆపేస్తుంది. కొలతలు ఇవ్వడానికి వచ్చిన వాళ్ళు ఊపిరి బిగబట్టి మరీ వింటారు. అలా తీసిన ఛాతీ కొలత పనికిరాదు, మళ్ళీ తియ్యాలి.

సంగతేమిటంటే, రెండు నెలలుగా నా కడుపు నా మాట వినడం లేదు. నాలుగు రోజులు కదలదు, ఐదో రోజు ఆగదు. రెండుసార్లు రక్తం కూడా కనబడింది. డాక్టరుకి చెబితే పెద్దపేగు చూడాలి, బేరియం ఎనీమా అనే ఎక్స్‌రే తీయించుకోండి అని చీటీ రాసిచ్చారు. మన అమ్మాయికి ఒక్కదానికే చెప్పాను. "ఓస్, అదా అత్తయ్యా, మా అమ్మకి పోయినేడు అదే రాశారు. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేసింది" అంది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంట్లోనే ఇంత అనుభవం ఉండగా ఊళ్ళో వాళ్ళనెందుకు అడగడం?

ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ఆసుపత్రి వాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. దాన్ని బల్ల మీద పెట్టాను. బడి యూనిఫారాలకు కాలరు నమూనా కావలసి వచ్చి, చేతికందిన కాగితం కత్తిరించేశాను. వెనకవైపు తెల్లగా ఉంది మరి. ఆ నమూనా కాలర్లు కుట్టే ఆయన దగ్గరికి వెళ్ళింది, పని అయ్యాక ఆయన దాన్ని పొయ్యిలో వేశాడు. ఇప్పుడు నా దగ్గర అంచు ముక్కలే మిగిలాయి. ఒకదాంట్లో "పూర్తిగా ఖాళీగా ఉండాలి" అని ఉంది. ఇంకోదాంట్లో "ఎడమ పక్కకి తిరిగి" అని. మరోదాంట్లో "గొట్టం ద్వారా తెల్లటి మందు". కింది ముక్కలో "గాలి నింపుతారు". ఎక్కడ నింపుతారో కాలరుతో పాటు పోయింది. అంతకంటే కింద "రెండు మూడు రోజులు తెల్లగా" అని ఉంది.

ఇంకో కాగితం అడుగుదామంటే, ఆ కౌంటరులో కూర్చునేది మా పక్క వీధాయన. ఆయన పాంట్లన్నీ నేనే కుట్టాను. ఆయన నడుము కొలత నాకు తెలుసు గానీ నా పేగు సంగతి ఆయనకి తెలియడం నాకిష్టం లేదు.

వచ్చే సోమవారమే పరీక్ష. దయచేసి వెంటనే రాయండి.

మీ వియ్యపురాలు

తా.క.: నొప్పి ఉంటే ఉందని రాయండి. లేకపోతే లేదని రెండుసార్లు రాయండి.



మూడో అంతస్తు నుంచి,
బుధవారం

గౌరవనీయులైన వదిన గారికి నమస్సులు.

మీ ఉత్తరం అందినది. పేగు, కడుపు వంటి విషయాలు ఉత్తరంలో ఇంత విపులంగా ఉండనవసరం లేదని నా అభిప్రాయం. అయినా అడిగారు కాబట్టి చెప్పడం నా ధర్మం. ముప్ఫై ఒక్క సంవత్సరాలు పిల్లలకు అర్థం కానివి అర్థమయ్యేలా చెప్పినదాన్ని. ప్రధానోపాధ్యాయినిగా పదవీ విరమణ చేసినా ఆ అలవాటు పోలేదు.

అది చాలా మామూలు పరీక్ష. వెళ్ళగానే కుర్చీ వేస్తారు. ఒక గ్లాసుడు తెల్లటి మందు ఇస్తారు. పాలలాగే ఉంటుంది, గొట్టంతో పీల్చాలి. "గొట్టం ద్వారా" అన్నది దాని గురించే. తరవాత ఒక ఫోటో తీస్తారు. ఇంటికి పంపిస్తారు.

"పూర్తిగా ఖాళీగా ఉండాలి" అంటే ఆ రోజు వేరే పనులేవీ పెట్టుకోకూడదని. మీరు షాపు మూసుకోవలసి వస్తుంది. ఎడమ పక్కకి తిరగమన్నది ఫోటో కోసం. కొందరికి ఎడమ వైపు నుంచి బాగా పడుతుంది. గాలి నింపడమంటే ఆ గదిలో కిటికీలు ఉండవు కాబట్టి యంత్రంతో గాలి ఆడేలా చేస్తారు. తెల్లగా అన్నదానికి మీరు కంగారు పడనక్కర లేదు, ఆ మందు వల్ల మొహం రెండు మూడు రోజులు కాస్త తేటగా ఉంటుంది.

నొప్పి లేదు. నొప్పి లేదు.

భవదీయురాలు,
మీ వియ్యపురాలు

తా.క.: "సంగతేమిటంటే" అని ఉత్తరంలో రాయకూడదు. "విషయమేమనగా" అని రాయాలి.



కుట్టుషాపు నుంచి,
మంగళవారం

వదిన గారికి నమస్కారం.

విషయమేమనగా, నన్ను ఆసుపత్రి నుంచి వెనక్కి పంపించేశారు.

మీరు చెప్పినవన్నీ అక్షరం పొల్లు పోకుండా చేశాను. పెళ్ళివారి కోట్లు ఆరు, బడి చొక్కాలు నలభై ముందే ఇచ్చేసి, ఒక్క రోజు చాలదేమోనని శుక్రవారం నుంచే షాపుకి తాళం వేశాను. మూడు రోజులు చేతిలో సూది లేకుండా ఉండడం నా పెళ్ళయ్యాక ఇదే మొదలు. ఏం తోచక ఇంట్లో ఉన్న తలగడలన్నిటికీ గలీబులు మార్చాను. సోమవారం పొద్దున, మధ్యాహ్నం దాకా తిండి ఉండదేమోనని, మీ అన్నయ్య గారు రొట్టెలు కాల్చి పెట్టారు. నాలుగు తిన్నాను, రెండు గుడ్లతో. ఫోటో కదా అని తల దువ్వుకుని, గొలుసు వేసుకుని, కొత్త జాకెట్టు తొడుక్కుని వెళ్ళాను.

ఎక్స్‌రే తీసేది ఒక పెద్దావిడ. నా ఈడే ఉంటుంది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, జాబితా చూస్తూ అడిగింది.

"పూర్తిగా ఖాళీ అయ్యారా?"

"మూడు రోజుల నుంచి ఖాళీయేనండీ. తాళం వేసేశాను."

ఆవిడ కళ్ళజోడు కిందికి దించింది. "ఎన్నిసార్లు వెళ్ళారు?"

"ఎక్కడికీ వెళ్ళలేదు. ఇంట్లోనే ఉన్నాను."

"పొద్దున ఏమైనా తీసుకున్నారా?"

"నాలుగు రొట్టెలు. మీ గ్లాసు ఎక్కడుందో చెబితే ఆ మందు కూడా తాగేస్తాను. గొట్టం అక్కర్లేదు, ఎత్తి పోసుకుంటాను."

వదిన గారూ, ఆవిడ నవ్వలేదు. ఆ మంచితనం నేను మరిచిపోను. తలుపు దగ్గరికి వేసి, బల్ల మీద కూర్చోబెట్టి, మెల్లిగా చెప్పింది. ఆ గొట్టం నోట్లోకి కాదు. రెండో వైపు నుంచి. ఖాళీ అవ్వాల్సింది షాపు కాదు, పేగు. గాలి నింపేది గదిలోకి కాదు. తెల్లగా వచ్చేది మొహం కాదు.

తల తీసేసినట్టయింది. మళ్ళీ వచ్చే సోమవారానికి రాయించుకుని, ఇంకో కాగితం తీసుకుని వచ్చాను. ఈసారి దాన్ని జాకెట్టులో పెట్టుకుని తిరుగుతున్నాను.

పై నుంచి తాగే పరీక్ష కూడా ఉందిట, కానీ అది గొంతుకీ, పొట్టకీ. అంటే మీకు చేసింది అదన్న మాట. పేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఎవరైనా పొరబడతారు. ఆ మాటే ఇంట్లో అన్నాను. మన అమ్మాయి ఒప్పుకోలేదు. పోయినేడు డాక్టరు రాసిన చీటీ మీరు చూపించారట, అందులో ఎనీమా అనే ఉందట. మా వాడు ఊరుకోకుండా "మీ అమ్మ గారు పరీక్ష పేరు కూడా దిద్దేసి ఉంటారు" అన్నాడు. నిన్నటి నుంచి ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. ఉప్పు కావాలన్నా నన్నడిగి అందుకుంటున్నారు.

మీ వియ్యపురాలు

తా.క.: వెళ్ళింది ఊరికే పోలేదు లెండి. నా గొలుసు చూసి ఆవిడ "లోహం ఏదీ ఉండకూడదు" అంటుంటే, నేను ఆవిడ కోటు చూశాను. భుజం దగ్గర బిగుతుగా ఉంది. విప్పించి తెచ్చుకున్నాను, వదులు చేసి గురువారం ఇస్తానన్నాను.



మూడో అంతస్తు నుంచి,
గురువారం

వదిన గారికి,

మీ ఉత్తరం చదివాను.

నేను పొరబడ్డానని మీరంటున్నారు. నా సర్వీసులో హాజరు పట్టీలో ఒక్క కొట్టివేత లేదు. నాకు చేసినది మీకు రాసిన పరీక్షయే. మా ఊరి ఆసుపత్రిలో పద్ధతి వేరు అయి ఉండవచ్చు. పద్ధతులు మారుతూ ఉంటాయి. మేము కూడా భాగహారం ఒక్కో తరగతికి ఒక్కో విధంగా చెప్పేవాళ్ళం.

ఒకటి మాత్రం నిజం. మీరు రాసినట్టుగా ఒక మర్యాదస్తురాలిని పట్టుకుని పక్కకి తిప్పి, అక్కడి నుంచి, అటువంటి పని, సంస్కారం గల వారెవరూ చెయ్యరు. నా మాట విని మీరు వెళ్ళకండి. మీ ఆసుపత్రి సూపరింటెండెంటు గారికి నేను మూడు పేజీల ఉత్తరం రాసి పెట్టాను. మీరు ఊ అంటే పోస్టులో వేస్తాను. పండ్లు ఎక్కువ తినండి, అదే సర్దుకుంటుంది. చాలామందికి సర్దుకుంటుంది.

అల్లుడు గారి వ్యాఖ్యను నేను పట్టించుకోలేదు.

మీ వియ్యపురాలు

తా.క.: పట్టించుకోలేదని అల్లుడు గారికి తప్పకుండా చెప్పండి.



కుట్టుషాపు నుంచి,
ఆదివారం మధ్యాహ్నం నుంచి, మధ్యమధ్యలో

వదిన గారికి నమస్కారం.

మీ మీద గౌరవం కొద్దీ నిజంగానే మానేద్దామనుకున్నాను. శుక్రవారం మీ ఉత్తరం చదివి మీ అన్నయ్య గారికి చూపించాను. బస్సు నడిపినన్నాళ్ళూ బ్రేకు కీచుమంటే చాలు, డిపోలో పెట్టించి విప్పించేవారు. కానీ నా విషయానికి వచ్చేసరికి ఆయన కూడా "పోనీలే, టీచరు గారు అంత చెబుతున్నారు కదా" అన్నారు. కాగితం చింపేద్దామని జాకెట్టులోంచి తీశాను కూడా. శనివారం పొద్దున మళ్ళీ రక్తం కనబడింది. ఈసారి కొంచెం ఎక్కువే. కాగితం మడిచి మళ్ళీ లోపల పెట్టుకున్నాను. కోపం తెచ్చుకోకండి వదిన గారూ. భయం ఉన్నా వెళ్తాను.

మూడు రోజుల నుంచి తేలికైనవే తింటున్నాను. పీచు ఉన్నవి, గింజలు ఉన్నవి వద్దన్నారు. మీరు చెప్పిన పండ్లు కూడా అందుకే తినలేదు. ఇవాళ మొత్తం నీళ్ళే. వడకట్టిన సూపు, పాలు లేని టీ, అద్దంలాంటి పళ్ళరసం. అవతలి వైపు కనబడితేనే తాగాలిట. నేను వేసుకునే బీపీ మాత్ర సంగతి ముందే డాక్టరుని అడిగి పెట్టుకున్నాను. అలాంటివి మనంతట మనం మానకూడదు, వేసుకోకూడదు.

మధ్యాహ్నం రెండింటికి విరేచనాల మందు తాగాను. పని చెయ్యడానికి టైం పడుతుందిలే అని షాపు తీశాను. అదే నేను చేసిన తప్పు. కోర్టు గుమాస్తా గారు కోటుకి కొలతలివ్వడానికి వచ్చారు. చేతులు పైకెత్తమని, టేపు ఆయన నడుం చుట్టూ తిప్పాను. అంతే. ఆ తరవాత టేపు అక్కడే ఉంది, నేను లేను. వచ్చేసరికి పాపం చేతులు అలాగే ఎత్తుకుని నిలబడి ఉన్నారు. నడుం రాసుకున్నాను. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ వెళ్ళాను. మూడోసారి వచ్చేసరికి ఆయనే తన చెయ్యి కొలుచుకుని, కాజాలు కుట్టే ఆమెకి అంకె చెబుతున్నారు. ఆ కోటు ఎలా వస్తుందో నేను చెప్పలేను.

ఏడుసార్లు దాకా లెక్కపెట్టాను. చివరికి ఉత్త నీళ్ళలా రావాలి, అప్పుడే లోపల శుభ్రమైనట్టు అని ఆ ఎక్స్‌రే ఆవిడ చెప్పింది. అలాగే వస్తోంది. దీని గురించి ఇంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

మీ వియ్యపురాలు

తా.క.: సూపరింటెండెంటు గారి ఉత్తరం పోస్టు చెయ్యకండి. గురువారం ఇస్తానన్న ఎక్స్‌రే ఆవిడ కోటు ఇంకా నా దగ్గరే ఉంది, భుజం పూర్తవలేదు. గొడవైతే ఇద్దరికీ మొహమాటం.



మూడో అంతస్తు నుంచి,
మంగళవారం

వదిన గారికి నమస్సులు.

మీ ఉత్తరంలో కొన్ని విషయాలు అవసరానికి మించి వివరంగా ఉన్నవి. రెండుసార్లు చదివాను.

సూపరింటెండెంటు గారి ఉత్తరం చింపివేశాను. ఈ పాటికి మీకు పరీక్ష అయిపోయి ఉంటుంది. ఎలా జరిగినదో వివరంగా రాయండి. నాకు తెలియక కాదు, మీ అనుభవాన్ని నా అనుభవంతో పోల్చి చూడడానికి మాత్రమే. ముఖ్యంగా ఆ గొట్టం లావు ఎంత? గదిలో ఎంతమంది ఉంటారు? మగవాళ్ళు ఉంటారా? మధ్యలో ఆపమంటే ఆపుతారా? ఆపుకోలేకపోతే ఏమవుతుంది? ఇవి కేవలం పోలిక కోసం.

మీ వియ్యపురాలు

తా.క.: ఏడుసార్లు అన్నారు. అది మొత్తం ఎన్ని గంటల్లో?



కుట్టుషాపు నుంచి,
శుక్రవారం

వదిన గారికి నమస్కారం.

అయిపోయింది. బాగున్నాను. ముందు ఆ రెండు మాటలూ చదువుకుని, తరవాత తీరిగ్గా మిగతాది చదవండి.

నాలుగున్నర గంటల్లో.

వెళ్ళగానే బట్టలు మార్పించి, వెనక నాడాలు కట్టే గౌను ఇచ్చారు. అంత అధ్వాన్నపు కుట్టు నేను జన్మలో చూడలేదు. ఒక నాడా ఇక్కడుంటే ఇంకోటి ఎక్కడో ఉంది. ఇంత సిగ్గు పరీక్ష వల్ల రాదు, ఆ గౌను వల్ల వస్తుంది. తరవాత ఎక్స్‌రే ఆవిడ ఫారం నింపుతూ, ఎలర్జీలు ఉన్నాయా, ఈ మధ్య పేగులో ఏమైనా తీశారా అని అడుగుతూ అడుగుతూ, గర్భవతి కాదు కదా అంది. ఆ ప్రశ్న ఫారంలో ఉందిట, ఆడవాళ్ళందరినీ అడగాలిట. తలుపు కొద్దిగా తీసి ఉంది. బయట బెంచీ మీద మీ అన్నయ్య గారు వార్తాపత్రిక కింద పడేసుకున్నారు. ఇంటికి వచ్చేదాకా ఆయన నా వైపు అనుమానంగానే చూశారు.

గదిలో ఇద్దరే. ఆవిడా, ఒక డాక్టరూ. డాక్టరు మగాయనే. కానీ ఆయన చూసేది తెర వైపు. నేను ఆయనకి మనిషిలా కాక పేగులా కనబడ్డాను, అది నాకు ఎంతో నిశ్చింతగా అనిపించింది. ముందు ఒక ఎక్స్‌రే తీశారు. తరవాత ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకోమన్నారు. గొట్టం లావు నా చిటికెన వేలు కంటే కొంచెం ఎక్కువ. జిగురుగా ఏదో రాసి పెడతారు. అది లోపలికి వెళ్ళేటప్పుడు వింతగా ఉంటుంది, నొప్పి కాదు. జారిపోకుండా చివర చిన్న బుడగ ఉబ్బిస్తారు. స్టాండుకి సంచీ వేలాడుతూ ఉంటుంది. అందులోంచి ఆ తెల్లటి మందు మెల్లగా దిగుతుంది. చల్లగా, బరువుగా, లోపల ఎవరో అస్తరు వేస్తున్నట్టు ఉంటుంది. నిజానికి అది చేసేది అస్తరు పనే. పేగు లోపలంతా అంటుకుని, ముడతలు కనబడేలా చేస్తుందిట.

తరవాత గాలి. ఇక్కడ మీకు నిజం చెప్పాలి. కాస్త పట్టేస్తుంది. వెంటనే పరిగెత్తాలనిపిస్తుంది. నేను "ఆగండి" అన్నాను. ఆగారు. మీరడిగారు కదా, ఆపమంటే ఆపుతారు. నోటితో పొడుగ్గా ఊపిరి తీసుకోమని ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. నాలుగు ఊపిర్లకి తగ్గింది. అటు తిరగండి, ఇటు తిరగండి, బోర్లా పడుకోండి అంటారు. బల్ల కూడా మనతో పాటు వాలుతుంది. ప్రతి ఫోటోకీ ఊపిరి బిగబట్టాలి.

ఆపుకోలేకపోతే ఏమవుతుంది అన్నారు. ఏమీ కాదు. నాకు కొంచెం కారింది. నేను ఏడుపు మొహం పెట్టాను. ఆవిడ గుడ్డ తీసి తుడిచేసి, "రోజుకి ఎనిమిది మందిని చూస్తానమ్మా, మీరేం కొత్త కాదు" అంది. ఆ మాటకి నాకు నిజంగా ఏడుపు వచ్చింది, కానీ అది వేరే ఏడుపు. మొత్తం ముప్పావు గంట. తరవాత మరుగుదొడ్డికి పంపించి, వచ్చాక ఇంకో ఫోటో తీశారు.

రెండు రోజులు తెల్లగానే వచ్చింది, సుద్దలాగ. నీళ్ళు బాగా తాగమన్నారు, లేకపోతే ఆ మందు లోపల గట్టిపడుతుందిట. రెండు రోజులు అసలు రాకపోయినా, కడుపు బాగా నొప్పెట్టినా, రక్తం పడినా, జ్వరం వచ్చినా వెంటనే రమ్మన్నారు.

నిన్న ఫలితం చెప్పారు. పేగులో ఒక చోట చిన్న కండ మొలక ఉందిట, పులిపిరిలాగ. ఇప్పుడు చిన్నదే, తీసేస్తే సరి, వదిలేస్తే కొన్నేళ్ళకి చెడ్డది కావచ్చు అన్నారు. పదిహేను రోజుల్లో కెమెరా గొట్టం పెట్టి తీసేస్తారు. పండ్లు తింటూ కూర్చుని ఉంటే ఏమయ్యేదో.

బల్ల మీద పడుకున్నప్పుడు మీరే గుర్తొచ్చారు. పోయినేడు మీరు ఇదంతా తోడు ఎవరూ లేకుండా, ఒక్కరే వెళ్ళి చేయించుకుని, నన్ను భయపెట్టడం ఇష్టం లేక పాలు తాగినంత సుళువని రాశారు. నాకు ఇప్పుడు అర్థమైంది. నిన్న భోజనాల దగ్గర పిల్లలిద్దరికీ అదే చెప్పాను. మీ అంత గుండె నిబ్బరం నాకు లేదని చెప్పాను. మా వాడు తల వంచుకుని, మన అమ్మాయి వైపు ఉప్పు తనే జరిపాడు.

మీ వియ్యపురాలు

తా.క.: ఎక్స్‌రే విభాగం వాళ్ళకి కొత్త గౌన్లు ముప్ఫై కుట్టిస్తానని ఒప్పుకున్నాను. నాడాలు పక్కకి పెడుతున్నాను. సిగ్గు సగం తగ్గుతుంది.



మా ఊరి ఆసుపత్రి, ఎక్స్‌రే గది బయట బెంచీ,
సోమవారం

వదినా,

గారు అనకుండా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. ఈ బెంచీ మీద ఆ మాట రావడం లేదు.

నాకు ఆ పరీక్ష ఎవరూ చెయ్యలేదు. పోయినేడు వచ్చిన మాట నిజం. గది దాకా వెళ్ళాను. స్టాండుకి వేలాడుతున్న ఆ సంచీ, దాని గొట్టం చూశాను. గౌను తెస్తానని నర్సు అటు వెళ్ళింది. నేను గొడుగు తీసుకుని ఇటు వచ్చేశాను. బడిలో నడిచినట్టే తల ఎత్తుకుని నడిచాను, ఎవరూ ఆపలేదు. ఎదురుగా టీ కొట్టులో మధ్యాహ్నం దాకా కూర్చుని, అమ్మాయికి ఫోన్ చేసి ఏమీ లేదన్నారని చెప్పాను. నీకు రాసినదంతా ఆ టీ కొట్టులో కూర్చుని నాకు నేను చెప్పుకున్నదే. ఏడాది పాటు చెప్పుకునేసరికి నేనే నమ్మాను. నిన్ను వెళ్ళవద్దని రాసినందుకు మాత్రం నిద్ర పట్టడం లేదు. నువ్వు నా మాట విని ఉంటే ఆ మొలక అక్కడే పెరుగుతూ ఉండేది. ఈ ఉత్తరంలో ఇప్పటికే మూడు కొట్టివేతలు ఉన్నాయి.

రక్తం నాకూ కనబడుతోంది వదినా. పోయినేడు నుంచి.

నీ ఉత్తరం అందిన రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నిన్న అద్దంలాంటివే తాగాను. తొమ్మిదిసార్లు. నీ కంటే రెండు ఎక్కువ.

ఇక్కడ బెంచీ మీద ఆరుగురం ఉన్నాం. ఎవరూ ఎవరి మొహం చూడడం లేదు. నా పక్కన ఒక లారీ డ్రైవరు, ఇంత లావు మనిషి, మోకాలు ఆడిస్తూనే ఉన్నాడు. నేను నీ ఉత్తరం తీసి నాలుగోసారి చదువుకుంటుంటే వంగి చూశాడు. "ఆపమంటే ఆపుతారా అండీ?" అన్నాడు. ఆపుతారని చెప్పి, ఆ పేరా చదివి వినిపించాను. అవతల చివర కూర్చున్న ముసలావిడ గట్టిగా చదవమంది. ముప్ఫై ఒక్కేళ్ళ గొంతు కదా, లేచి నిలబడి మొదటి నుంచి చదివాను. అన్నయ్య గారు పత్రిక కింద పడేసుకున్న దగ్గర డ్రైవరు నవ్వాడు. మోకాలు ఆగింది. ఎక్స్‌రే తీసేవారు తలుపు తీసుకుని వచ్చి చివరి దాకా నిలబడి విన్నారు.

నన్ను పిలుస్తున్నారు. గొడుగు డ్రైవరు చేతికిచ్చాను, మళ్ళీ తీసుకుని పారిపోకుండా.

(సాయంత్రం, ఇంటి నుంచి)

అయినది. నువ్వు రాసినది ప్రతి మాటా నిజం, గాలి దగ్గర "కాస్త" అన్నది తప్ప. అక్కడ నేను "ఆగండి" అన్నది వీధి చివరి దాకా వినబడి ఉంటుంది. ఆగారు.

నీ ఉత్తరం నా దగ్గర లేదు. ఇక్కడి వాళ్ళు అడిగి తీసుకుని, బెంచీ ఎదురుగా గోడకి అంటించారు. వాళ్ళ అచ్చు కాగితం ఎవరూ చదవడం లేదుట. నీ అక్షరదోషాలు నాలుగు దిద్దబోయాను, డ్రైవరు దిద్దనివ్వలేదు.

ఫలితం వచ్చే వారం, మంగళవారం నాడు చెబుతారు. ఒక్కదాన్నే వెళ్ళగలను. వెళ్ళాలని లేదు. వస్తావా?

నీ వదిన

తా.క.: అమ్మాయికి నేనే చెప్పుకుంటాను. ఈలోగా అల్లుడు గారు అడిగితే, పారిపోయానని కాకుండా వాయిదా వేసుకున్నానని చెప్పు. అది అబద్ధం కాదు. పన్నెండు నెలల వాయిదా.